సగం దించిన షట్టర్ వెనక

మొదట ఆమె చేతిలో ఉన్నవి ఇవి: బిల్లులు కొట్టే పాత కంప్యూటర్, భోజనాలయ్యాక కొట్టు షట్టర్ సగం దించి భర్త ఇంటికెళ్లి కునుకు తీసే ఒక గంట, ఏడో తరగతి చదివే కూతురు, చిన్నప్పటి నుంచీ జవాబు దొరకని ప్రశ్న ఒకటి. మనం నడుస్తుంటే చందమామ ఎందుకు వెంట వస్తాడని కూతురి వయసులో ఆమె అడిగింది. "ముందు గిన్నెలు తోము, వాడే పోతాడు" అన్నారు. తోమింది. పెళ్లయింది, గిన్నెలు మారాయి, చందమామ మాత్రం వెంట వస్తూనే ఉన్నాడు.

కొట్టు కుట్టుపని సామాన్లది. దారాలు, గుండీలు, జిప్పులు, లేసులు. బోర్డు మీద పేరు భర్తది. షట్టర్ ఎత్తేది, ఊడ్చేది, సరుకు సర్దేది, గిరాకీ చూసేది ఆమె. "ఇంటి మనిషికి జీతమేంటి, నలుగురూ నవ్విపోతారు" అన్నాడాయన ఒకసారి. ఆ నవ్వే నలుగురూ ఎవరో ఆమెకు ఇంతవరకు కనపడలేదు.

ప్రతిదానికీ ఎందుకు అంటుందని కూతురికి నానమ్మ పెట్టిన ముద్దుపేరు ఎందుకమ్మ. ఒంటిపూట బడి మధ్యాహ్నానికే అయిపోతుంది, పిల్ల నేరుగా కొట్టుకు వచ్చేస్తుంది. ఆ పిల్ల అడిగేదానికి తన దగ్గర సరుకు లేదని ఆమెకు తెలుసు. లేని సరుకు ఎక్కడ దొరుకుతుందో వెతకడం వ్యాపారంలో ఉన్నవాళ్లకు కొత్త కాదు. వెతికితే, ఆ వయసు పిల్లలకు ఉచితంగా చదువు చెప్పే వెబ్‌సైట్లు కుప్పలుగా దొరికాయి. గుడ్డ కొనేటప్పుడు తడి వేలితో రుద్ది, రంగు వదిలేదాన్ని పక్కన పడేస్తారు కదా, అలాగే పరీక్షించింది. గడపలోనే ఫోన్ నంబర్ అడిగేదాన్ని పక్కన పెట్టింది. పాఠం మధ్యలో బొమ్మలు ఎగిరొచ్చి అది కొను, ఇది కొను అనేదాన్నీ పెట్టింది. జవాబు తప్పయితే ఎందుకు తప్పో విడమరిచి చెప్పేవాటిని ఉంచుకుంది. ఒకదాంట్లో వైర్లు కలిపి బల్బు వెలిగించవచ్చు, మాడిపోయినా ఎవరూ తిట్టరు. ఇంకొకటి ఏదో మ్యూజియం వాళ్లది, ఈగ రెక్కను చేటంత చేసి చూపిస్తుంది. మరొకటి అయస్కాంతాలది. దాని చివర, ఇప్పుడు మీ ఇంట్లో వస్తువుల మీద ప్రయత్నించి చూడండి అని ఉంటుంది.

చిక్కు అక్కడే వచ్చింది.

ఓ సాయంత్రం కొట్టు కిటకిటలాడుతుండగా, ఎప్పుడూ వచ్చే దర్జీ ఇత్తడి గుండీలు అడిగాడు. భర్త పెట్టె మూత తీసి, "అసలు సిసలు ఇత్తడి. తుప్పన్న మాటే ఉండదు" అన్నాడు. పిల్ల జేబులోంచి అయస్కాంతం తీసి పెట్టెలో ముంచి ఎత్తింది. గుండీలు గుత్తిగా వేలాడాయి.

"నాన్నా, ఇవి ఇత్తడివి కావు! ఇత్తడైతే అంటుకోదు. లోపల ఇనుము, పైన పూత!"

దర్జీ ఆ గుత్తి వంక చూశాడు, భర్త వంక చూశాడు. "బాగుంది షావుకారూ. ఇకమీదట బేరమేదో పాపతోనే చేస్తా" అని నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

కొట్లో భర్త పల్లెత్తు మాట అనలేదు. అందుకే ఆమెకు భయం వేసింది. ఇంట్లో పళ్లెం ముందు కూర్చున్నాక మొదలుపెట్టాడు.

"ఎవరు నేర్పారు దానికి?"

"వెబ్‌సైట్లో చూసింది. మిమ్మల్ని మోసం చేసింది సరుకు పంపినవాడండీ, పిల్ల కాదు."

"నలుగురిలో పరువు తీసింది మాత్రం పిల్లేగా? రేపటి నుంచి అది కొట్టు గడప తొక్కకూడదు. నెట్ పీకించేస్తా."

అత్తగారు అందుకుంది. "నేను చెబుతూనే ఉన్నా. తల్లీకూతుళ్లు షట్టర్ దించుకుని ఆ పెట్టె ముందు కూర్చోవడమేంటి? ఆడపిల్లకు అన్ని ఎందుకులు ఎందుకు?"

"నానమ్మా, నువ్వూ ఎందుకు అనే అడిగావు" అంది పిల్ల. ఎవరూ నవ్వలేదు.

"అంతగా చదవాలనుంటే ట్యూషన్ పెడతా" అన్నాడు భర్త. "ఊరికే వచ్చేదాంట్లో ఏం పస ఉంటుందే? రంగు వెలిసిన లేసుల్నే కదా మనం ఉచితం అని అంటగట్టేది? ఊరికే ఇస్తున్నారంటే దానికి విలువ లేదనే అర్థం."

ఆమె గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆయన అన్నది తమ కొట్టు వరకు నిజమే. ఆ వెలిసిన లేసుల్ని మడతపెట్టి వేరే పెట్టెలో వేసేది తనే. కానీ ఎక్కడో ఎవరో కూర్చుని, ముఖం కూడా తెలియని పిల్ల కోసం ఈగ రెక్కలో ఈనె ఈనె కనిపించేలా అంత ఓపికగా పెట్టారే, దానికీ విలువ లేదా? ఈ ఇంట్లో ఊరికే వచ్చేవి ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. పొద్దున్నే చేతికందే టీ. ఇస్త్రీ చొక్కా. అత్తగారి కాళ్లు పట్టే చేతులు. ఏ దర్జీ ఏ నీలం అడుగుతాడో గుర్తుపెట్టుకునే బుర్ర. అంటే ఇన్నేళ్లూ వాటన్నిటినీ ఆ వెలిసిన లేసుల పెట్టెలోనే వేశారన్నమాట. ఏడుపు వస్తుందేమోననుకుంది. రాలేదు. ఎంతకీ తేలని లెక్క ఒకటి తేలినట్టయింది.

నడుముకు దోపుకున్న తాళాల గుత్తి తీసి ఆయన పళ్లెం పక్కన పెట్టింది.

"ఇదేంటి?"

"ఊరికే వచ్చేదానికి విలువ లేదన్నారుగా. మన కొట్లో ఊరికే వచ్చేదాన్ని నేనేనండీ. రేపు షట్టర్ మీరే ఎత్తండి."

నోటిదాకా వెళ్లిన గ్లాసు అత్తగారి చేతిలోనే ఆగిపోయింది.

మర్నాడు ఆమె ఇంట్లోనే ఉంది. చేతులు ఏదో పని చేస్తున్నాయి గానీ ప్రాణమంతా ఫోన్ మీదే. మోగితే ఉలిక్కిపడింది.

"నల్ల జిప్పులెక్కడ?" అన్నాడు భర్త. ఏ అరలో ఉన్నాయో చెప్పింది.

కాసేపటికి మళ్లీ. "లావుపాటావిడ వచ్చింది. ఎప్పుడూ తీసుకెళ్లే నీలం దారమట. ఏ నీలం?"

"ఆవిడ తెచ్చిన గుడ్డ చూస్తే తెలుస్తుంది."

"చూశానే. అన్నీ ఒకలాగే ఉన్నాయి." గొంతు తగ్గింది. "వస్తావా?"

"వస్తాను. భోజనాలయ్యాక ఆ గంట నాదీ పాపదీ. నెట్ ఉంటుంది. గుండీల పెట్టె ఏది వచ్చినా ముందు పాప చూస్తుంది."

అవతల ఎవరో గిరాకీ "ఏమైంది షావుకారూ, ఇంకా ఎంతసేపు?" అంటున్నారు. ఆమె ఫోన్‌ను చెవికి అదిమి పట్టుకుంది. ఇప్పుడు ఆయన కాదంటే, ఇక ఎప్పటికీ కాదు.

"సరే, రా" అన్నాడు. తప్పయిందని అనలేదు. ఆమె అది అడగనూ లేదు.

ఆ మధ్యాహ్నం షట్టర్ సగం దించి, తల్లీకూతుళ్లు తెర మీద చందమామను భూమి చుట్టూ తిప్పారు. దగ్గరున్న చెట్లు, గోడలు మనం నడిచేకొద్దీ వెనక్కి పోతాయి. చందమామ చాలా దూరంలో ఉంటాడు కాబట్టి, మనం ఎంత నడిచినా కనిపించే వైపు మారదు. అందుకే వెంట వస్తున్నట్టు ఉంటాడు. ఇంతేనా, అనుకుంది ఆమె. ఈ రెండు ముక్కలు చెప్పలేకనా గిన్నెలు తోమమన్నారు?

"అంత దూరం ఎలా కొలిచారమ్మా?" అంది ఎందుకమ్మ.

"ఏమో. చూద్దాం జరుగు" అని స్టూలు దగ్గరికి లాక్కుంది.

చివరికి తేలింది ఇది. కొట్టు ఆయనదే, బోర్డు మీద పేరూ ఆయనదే. రోజుకో గంట ఆమెది. మొదట్లో దగ్గరున్న ఒకే ఒక్క ప్రశ్న ఖర్చయిపోయింది. దాని చోట ఆరేడు కొత్తవి వచ్చి చేరాయి, ఒక్కటీ వెలిసింది కాదు.