నీలం కోటు మీద నీటిచుక్కలు

“ఈ పిల్ల తడిస్తే జలుబు చేస్తుంది, జలుబు జ్వరమవుతుంది, జ్వరం ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. అప్పుడేం చేస్తామండీ?” అన్నాను.

బయట ఎండ మాడ్చేస్తోంది. మా బుడ్డమ్మ ఇంకా బడిలో చేరనైనా లేదు.

“మబ్బు పట్టకముందే దాన్ని ఆస్పత్రిలో చేర్పించేశావే! ఇంకాసేపుంటే పక్క మంచం మీద నన్నూ పడుకోబెడతావు” అని నవ్వారు మా ఆయన. నవ్వారే గానీ, వారం తిరక్కుండా నీలం గుడ్డతో చిన్న వానకోటు కుట్టించి తెచ్చారు.

ఆయన వానకోట్ల గుడ్డకు పూత వేసే మిల్లులో మేస్త్రీ. పూత ఆరాక గుడ్డ మీద చెంచాడు నీళ్లు పోసి చూసేవారు. నీళ్లు ఇంకితే మళ్లీ పూతకు వెళ్లాలి. పూసల్లా దొర్లితే పాసయినట్టు. కత్తిరించగా మిగిలిన ముక్కలు మా ఇంటికి వచ్చేవి. బల్ల మీద పరిచింది అదే గుడ్డ, దిండు గలేబులు అవే, పిల్ల బడిసంచీ అదే. పాలు ఒలికినా ఒక్క తుడుపుతో పోయేవి. పక్కింటివాళ్లు అడిగి మరీ పట్టుకెళ్తుంటే నాకు ఎంత గర్వంగా ఉండేదో!

వాన వస్తే తండ్రీకూతుళ్లకు ఆట. వరండా అంచున కోటును చెరోవైపు పట్టుకుని నిలబడేవారు.

“బుడ్డమ్మా, నీ చుక్క ఏది?”

“ఆ లావుది!”

“అయితే పక్కనున్న బక్కది నాది.”

ఏ చుక్క ముందు అంచు దాటితే అది గెలిచినట్టు. ఎప్పుడూ లావుదే గెలిచేది. ఆయన బొటనవేలితో గుడ్డను కాస్త వంచడం నాకు కనిపిస్తూనే ఉండేది. చూసీచూడనట్టు ఊరుకుని, “మెట్లు తడిగా ఉన్నాయి, పళ్లు రాలగొట్టుకుంటారు!” అని మాత్రం అరిచేదాన్ని. కుక్కంటే భయం, కరెంటంటే భయం, పండులో గింజంటే భయం నాకు. ఆ కోటు వేసుకుని వెళ్లిన రోజు మాత్రం స్థిమితంగా ఉండేదాన్ని.

ఇప్పుడది పదో తరగతి. పోయిన నెల ఒకరోజు పొద్దున్నే దాని కళ్ల కింద ఉబ్బు కనిపించింది. మూత్రం నురగ కడుతోందని సిగ్గుపడుతూ చెప్పింది. పరీక్షలు చేయించాం. ప్రొటీన్ మూత్రంలో పోతోందని, కిడ్నీలు కాస్త మందగించాయని డాక్టరమ్మ చెప్పింది. ఆయన చేసే పనేమిటో అడిగి తెలుసుకుంది.

“ఆ పూత మందుల్లో కొన్ని ఒంట్లో చేరితే ఏళ్ల తరబడి పోవండీ. నీళ్లలో, దుమ్ములో, పనిబట్టల మీద కూడా వస్తాయి. ఇదే కారణమని ఖాయంగా చెప్పలేను గానీ, ఇంట్లో ఆ గుడ్డలుంటే తీసేయండి. తాగే నీళ్లు పరీక్ష చేయించండి. మూడు నెలలయ్యాక మళ్లీ చూద్దాం.”

“అంటే డయాలసిస్సా తల్లీ?”

“అంత దూరం వెళ్లిపోకండమ్మా!”

బస్సులో బుడ్డమ్మ తండ్రి పక్కన కూర్చోలేదు. “నీకు నిజంగా తెలీదా నాన్నా?” అని మాత్రం అడిగింది. “మాకెవరూ చెప్పలేదమ్మా” అన్నారాయన. దాని మొహంలో నమ్మకం కనిపించలేదు. ఆ తర్వాత ఆయనతో మాటల్లేవు.

ఆయన మిల్లులోనే స్నానం చేసి, బట్టలు మార్చుకుని రావడం మొదలుపెట్టారు. “అది తిన్నదా అడుగు” అనేవారు నాతో. “తిన్నానని చెప్పమ్మా” అనేది అది, ఆయన ఎదురుగానే. మధ్యలో నేనొక టెలిఫోను. కిడ్నీల భయానికి తోడు ఇదొకటి.

ఆదివారం గుడ్డలన్నీ మూటగట్టాను. పెట్టె అడుగున చివరగా నీలం కోటు దొరికింది. దాని చేతుల్లో ఇప్పుడు పిల్ల మణికట్టు కూడా పట్టదు. బయట వాన పడుతోంది. ఆయన కోటు తీసుకుని వరండా అంచుకు వెళ్లి, ఒక వైపు పట్టుకుని నిలబడ్డారు. రెండో వైపు వేలాడుతోంది.

“బుడ్డమ్మా, నీ చుక్క ఏది?”

అది లెక్కల పుస్తకంలోంచి తలెత్తలేదు. ఆయన చెయ్యి దించలేదు. ఇక ఈ జన్మకి మాట్లాడదు కాబోలు అనుకున్నాను.

కుర్చీ జరిగిన చప్పుడైంది. బుడ్డమ్మ వచ్చి వేలాడే వైపు అందుకుంది.

“తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోవాలి, ఇద్దరూ!” అన్నాను, ఉండబట్టలేక.

అది నావైపు చూడలేదు. గుడ్డ మీద చుక్కలు చేరేదాకా ఆగింది.

“లావుదే” అంది. “కానీ ఈసారి గుడ్డ వంచకు నాన్నా.”