మైనస్ నలభై వోల్టులు

మల్లీశ్వరి అసైన్‌మెంట్‌లోని ఆ లెక్కను ఆరుసార్లు చేసింది. ఆరుసార్లూ మైనస్ నలభై వోల్టులే వచ్చాయి. సర్క్యూట్‌కు ఇచ్చిందే పన్నెండు వోల్టులు. మరి ట్రాన్సిస్టర్ దగ్గర మైనస్ నలభై ఎట్లా వస్తుంది?

ఆమె కంబదూరు పక్కన గొర్రెలు మేపే నరసింహులు కూతురు. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ రెండో ఏడు. ఇంట్లో అడిగేందుకు ఎవరూ లేరు. సాయంత్రం మిద్దెక్కి, సిగ్నలు దొరికే మూలన కూర్చుని, ప్రశ్నను ఫోటో తీసి ఒక ఎలక్ట్రానిక్స్ గ్రూపులో పెట్టింది. "నా తప్పు యాడుందో చెప్తారా?"

"నీ హోంవర్కు చేసిపెట్టడానికి మేమేమన్నా నీ కూలోళ్లమా?" అని మొదటి జవాబు. దాని కింద పద్నాలుగు నవ్వే బొమ్మలు.

తల కొట్టేసినట్టయింది. తీసేద్దామనుకుంది. మళ్లీ మొండికేసి, తను చేసిన లెక్క మూడు పేజీలూ పెట్టింది. కాసేపటికి శశి అనే ఎవరో రాశారు: "నీ లెక్క సరిగ్గానే ఉంది. ప్రశ్నే తప్పు. బేస్ రెసిస్టర్ 24 కిలోఓములు కాదు, 240 ఉండాలి. సున్నా ఎగిరిపోయింది. మీ సారుకు చెప్పు."

240 వేసి చేసింది. ఆరు పాయింట్ ఎనిమిది వోల్టులు. ఒక్కతే నవ్వుకుంది.

మరుసటి రోజు క్లాసులో లేచి చెప్పింది. బదరీనారాయణ సారు ప్రశ్నను రెండుసార్లు చదువుకున్నాడు.

"ఇది కనిపెట్టింది నువ్వేనా?"

"కాదు సార్. ఆన్‌లైన్‌లో అడిగినా."

ఆయన మొహం తేటపడింది. "అంటే బయటోళ్లతో చేయించుకొచ్చినావు. దాన్ని కాపీ అంటారు."

"లెక్క నేనే చేసినా సార్, ఆరుసార్లు..."

"కూర్చో."

ఆమెకు సున్నా వేశాడు. గైడులో జవాబు చూసి, 24తోనే ఎట్లనో ఒకట్ల ఆరు పాయింట్ ఎనిమిది తెప్పించిన ముప్పై మందికీ పదికి పది. తర్వాత బోర్డు మీద 24 పక్కన సున్నా పెట్టి, "ఒక్కరన్నా గమనించలేదా?" అన్నాడు. అందరూ పుస్తకాల్లో సున్నా పెట్టుకున్నారు. మల్లీశ్వరి కూడా.

"సారు ఏమన్నారు?" అని శశి అడిగితే, "దిద్దుకున్నారు" అని రాసి, గ్రూపులోంచి బయటికొచ్చేసింది.

తర్వాతి అసైన్‌మెంట్‌లో ఇంకో లెక్క కుదరలేదు. ఈసారి ఎవరినీ అడగలేదు. గైడు తెరిచి, చివరి జవాబు దించేసింది.

"పదికి పదా!" అని నాయన ఆ పేపరు పట్టుకుని మురిసిపోతుంటే చేతిలోంచి లాక్కుంది.

"ఏమ్మా, ఏమైంది?"

"ఏం లేదులే నాయనా," అని లోపలికి పోయింది.