తెల్ల కాలరు పక్కన

"ఈమధ్య రంగు తేలావే" అన్నాడు భర్త, కాఫీ అందుకుంటూ. ఆయన నోట ఆమె గురించి మంచిమాట రావడమే అరుదు. అందుకని ఆ మాటను రోజంతా మనసులో దాచుకుంది పిచ్చిది. ఆకలి లేదంటే, సన్నబడాలని కడుపు మాడ్చుకుంటోందని ఆడపడుచు నవ్వింది. ఒళ్ళంతా దురదంటే అత్తగారు సబ్బు మార్చమన్నారు. నీరసంగా ఉందంటే మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. ఆ మాట ఆ ఇంట్లో ఎవరి చెవికీ ఎక్కదు. మూత్రం ముదురు రంగులో వస్తోందన్న సంగతి ఆమె అసలు చెప్పనే లేదు. అలాంటివి చెప్పుకునే చనువు ఎవరి దగ్గర ఉంది గనక?

సంగతి ఆమె పనిచేసే కుట్టుషాపులో బయటపడింది. అప్పుడే కుట్టిన తెల్ల కాలరు వంపు సరిగ్గా వచ్చిందో లేదోనని, దాన్ని తన మెడ దగ్గర పెట్టుకుని అద్దంలో చూసుకుంటోంది. పక్క మిషనామె తొక్కడం ఆపేసింది.

"అక్కా, కాలరు బానే ఉంది గానీ నీ కళ్ళేంటి, తెల్లగుడ్లు రెండూ పసుప్పచ్చగా ఉన్నాయి?"

మర్నాడు డాక్టరు దగ్గరికి భర్త తోడొచ్చాడు. రావడమైతే వచ్చాడు గానీ, కూర్చున్నంతసేపూ గడియారం చూసుకుంటూనే ఉన్నాడు. డాక్టరమ్మ ఆమె కళ్ళు చూసి, పొట్ట కుడివైపు నొక్కి, రక్తపరీక్షలు చేయించి, రిపోర్టులు చూసింది.

"లివర్ దెబ్బతిందమ్మా. కామెర్ల వైరసులేవీ లేవు. తాగే అలవాటుందా?"

భర్త పకపకా నవ్వాడు.

"పోనీ, మాత్రలేమైనా వాడుతున్నారా?"

"లేదండీ."

అబద్ధమాడాలని కాదు. నడుము పట్టేస్తే ఒకటి, తలనొప్పికి ఒకటి, జలుబుకి ఇంకొకటి. మందుల షాపులో అడిగి తెచ్చుకుని మింగేవాటిని ఆమె ఏనాడూ మందులనుకోలేదు. మిషనుకు నూనె వేస్తాం, దాన్ని వైద్యమంటామా? డాక్టరమ్మ గుచ్చిగుచ్చి అడిగితే, సంచిలోంచి ఆ మాత్రల అట్టలు తీసి బల్ల మీద పెట్టింది.

"పేర్లే వేరు. మూడింట్లోనూ ఉన్నది ఒకటే మందు. మోతాదు మించితే ఆ భారమంతా లివర్ మీదే పడుతుంది. సమయానికి వచ్చారు, ఆపేస్తే కోలుకుంటుంది. ఇంతకీ ఇన్ని ఎందుకు మింగాల్సొచ్చింది?"

"నడుము నొప్పండీ."

"నొప్పి ఎందుకొచ్చింది?"

ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. తనకు తనూ వేసుకోలేదు. తెల్లారకముందే పట్టిన నీళ్ళ బిందెలు, అందరి క్యారేజీలు, షాపులో కత్తిరింపు బల్ల దగ్గర నిలబడ్డ పూటలు, ఇంటికొచ్చాక అత్తగారి మోకాళ్ళకు కాపడం, ఆడపడుచు పిల్లల బట్టలు, ఆదివారమొస్తే ఆయన స్నేహితుల భోజనాలు. ఒక్కొక్కటే కళ్ళ ముందుకొచ్చింది. తను మింగిన ప్రతి మాత్ర వెనకా ఎవరిదో ఒక పని ఉంది. ఆమెకు కోపం వచ్చింది. అరిచే కోపం కాదు, నిదానంగా వచ్చి కూర్చుండిపోయే కోపం.

బయటికొచ్చాక భర్త కాస్త మెత్తబడ్డాడు.

"విన్నావుగా, ఇక ఆ మాత్రలు మానెయ్. అన్నట్టు, సాయంత్రం మావాళ్ళు నలుగురు భోజనానికొస్తున్నారు, గుర్తుందిగా?"

"గుర్తుందండీ" అంది ఆమె నెమ్మదిగా. "మాత్రలు మానేస్తాను. మాత్ర వేసుకుంటే గానీ చెయ్యలేని పనులు కూడా మానేస్తాను."