పదకొండు జానల బండి

షెడ్డు మూతపడి ముప్పై ఏళ్లు. తాతయ్య అందులో తొమ్మిది రేసు కార్లు చేశాడు. అవి పందెంలోకి దిగితే పెద్ద కంపెనీల మెకానిక్కులు సైతం చేతిలో పని ఆపి చూసేవారట. ఇప్పుడు మిగిలినవి ఒక నీలం బానెట్, ఆయన తోలు గ్లవ్, నూనె మరకల నోటు పుస్తకం, గోడమీద ఆయన ఫొటో.

మనవరాలు ఉద్యోగం మానేసి ఆ షెడ్డు తాళం తీసింది. పుస్తకంలో కొలతలన్నీ జానల్లోనే ఉన్నాయి. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య పదకొండు, బానెట్ కూర్చునే చోట ఐదు. తాతయ్య తోలు గ్లవ్ వేళ్లు చాపి పరిచి జాన ఎంతో తేల్చుకుంది. ఏడాదిపాటు మేస్త్రితో కలిసి ఛాసిస్ కట్టింది.

ఇవాళ దానిమీదికి బానెట్ దించి చూస్తే బెత్తెడు పైనే సందు.

"ఇది వేరే బండిది చిన్నమ్మా. మధ్యకి కోసి అతుకేద్దాం. రంగు పడితే తాతగారే దిగొచ్చినా పోల్చుకోలేరు," అన్నాడు మేస్త్రి.

ఆమె సుద్దముక్కతో గీత గీసింది. రంపం అందుకుంది కానీ చెయ్యి ఆడలేదు. తాతయ్య సుత్తి దెబ్బలు పడ్డ రేకు లోకంలో ఇదొక్కటే. కోస్తే మళ్లీ రాదు.

టీ ఫ్లాస్కుతో వచ్చిన నాయనమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. "ఏమే, దాని పీక కోస్తున్నావా?"

"సరిపోవట్లేదు నాయనమ్మా. తాతయ్య కొలత తప్పు రాసినట్టున్నారు."

"ఆయన తప్పు రాయడమేంటి? నేను చెప్పిందే రాసేవారు."

"నువ్వా?"

"మరి? ఆయనకి చేతులెప్పుడు ఖాళీ! ఒక చేత్తో ఛాసిస్ గొట్టం, ఇంకో చేత్తో పెన్సిలు. కొలిచేది నేనే. నీ చేతికి పిండి తప్ప మరేదీ అంటదు, రేకు పాడవదు అనేవారు."

"ఇన్నేళ్లలో ఒక్కసారైనా చెప్పావా?"

"అడిగితే కదా! కూరలో ఉప్పెంత వేశావని ఎవరైనా అడుగుతారా, ఎక్కువైతే తప్ప?"

ఆవిడ ఫ్లాస్కు కిందపెట్టి బానెట్ మీద చెయ్యి చాపింది. వేళ్ల కణుపులు లావెక్కాయి గానీ జాన జానలాగే ఉంది. ఒకటి, రెండు... ఐదోసారి చిటికెన వేలు సరిగ్గా రేకు అంచుకి తగిలింది.

మేస్త్రి పనిముట్ల పెట్టె మీద కూలబడ్డాడు. "అంటే ఛాసిస్ మొత్తం పొడుగే! ఏడాది పని బూడిదలో పోసిన పన్నీరేనా?"

మనవరాలు గోడమీది ఫొటోనీ నాయనమ్మనీ మార్చి మార్చి చూసింది. నలభై ఏళ్ల కిందట స్కేలైనా లేకుండా ఈ ఇద్దరూ తొమ్మిది బండ్లు నిలబెట్టారు. ఆమె బానెట్ మీది సుద్దగీతని అరచేత్తో తుడిచేసింది. గ్లవ్ తీసి ఫొటో కింది మేకుకి తగిలించింది.

"విప్పేద్దాం మేస్త్రీ."

తర్వాత పుస్తకంలో కొత్త పేజీ తిప్పి పెన్సిలు పట్టుకుంది. "చెప్పు నాయనమ్మా."

నాయనమ్మ చెయ్యి శుభ్రంగా తుడుచుకుని, గొట్టం మీద బొటనవేలు ఆనించింది.

"రాసుకో. ఒకటి."