తైవో చోటు

పొద్దున్నే స్టూడియో ఊడ్చి, వెనక తెర ముడతలు తడిచేత్తో సాపు చేసి, స్టూలు కిటికీకి ఏటవాలుగా వేస్తాను. వచ్చినవాళ్ళని కూర్చోబెట్టేదీ నేనే. మొహం ఎటు తిరిగుంటే అటు కాస్త జాగా వదలాలి, మోకాళ్ళ దగ్గర మనిషిని నరికేయకూడదు, లావుపాటి తల్లి పక్కన బక్కపిల్ల నిలబడితే పిల్లకి తెల్లబట్ట వేయాలి, అప్పుడే రెండు పక్కలా బరువు సరిపోతుంది. పదకొండేళ్ళు చూసి చూసి నాకు నేనే పట్టుకున్నవి ఇవన్నీ. మా ఆయన లాసున్ వచ్చి బటన్ నొక్కుతాడు. "మా అబెకేనా? బట్టలు సర్దిపెడుతుంది" అంటాడు నా గురించి వచ్చినవాళ్ళతో. మా ఊరు ఒషోగ్బో అంతా ఆయన చెయ్యి మంచిదంటుంది. అననీ.

నాకు ఒళ్ళు మండేది ఇంకొకందుకు. ఇన్ని వేలమందిని తీసిన ఇంట్లో నా కూతురు తైవోకి ఒక్క ఫొటో లేదు. అడిగినప్పుడల్లా "లగోస్ నుంచి వచ్చే ఫిల్ము బేరాలకే చాలట్లేదు. పిల్ల ఎక్కడికి పోతుంది, రేపు తీద్దాంలే" అనేవాడు. తట్టు పోసి నాలుగు రోజుల్లో పోయింది. మూడేళ్ళ పిల్ల.

కవలల్లో ఒకరు పోతే మా వైపు మిగిలినవాళ్ళనే రెండుసార్లు తీసి, ఇద్దరున్నట్టు పక్కపక్కన అచ్చువేసి గోడకి పెట్టుకుంటారు. పోయింది ఆడపిల్లయితే మగపిల్లాడికి గౌను తొడుగుతారు. ఎంతమంది తల్లులకో అతుకు కనపడకుండా నేనే సర్దిపెట్టాను.

నిన్న మా అత్తగారు కవలల మొక్కుగా పామాయిల్లో బొబ్బర్లు వండి తెచ్చింది. తైవోతో కవలగా పుట్టి మాకు మిగిలిన కొడుకు కెహిండేకి తినిపించి, తైవో గౌను నా ఒళ్ళో పడేసింది.

"దానికి చోటివ్వకపోతే వీణ్ణి కూడా లాక్కుపోతుందే. ఫొటో ఇవాళే అయిపోవాలి."

వాణ్ణి స్టూలు మీద కూర్చోబెట్టి, ముందు గౌను తొడగబోయాను.

"అమ్మా, ఇప్పుడు నేను తైవోనా?" అన్నాడు వాడు.

నా చేతులు ఆగిపోయాయి. వీడిది వాళ్ళ నాన్న కోలమొహం. దానిది గుండ్రటి మొహం, ఇంత నుదురు. పదేళ్ళు పోతే గోడమీద గౌనులో ఉన్న ఈ మొహమే తైవో అనుకుంటాను. నాకు మిగిలింది దాని మొహం గుర్తు ఒక్కటే. దాన్నీ నా చేతుల్తోనే చెరుపుకోనా? ఏడుపు ఆగలేదు. గౌను మడిచి పక్కన పెట్టేసి, వీణ్ణొక్కణ్ణే తీసి దాని సగం ఖాళీగా వదిలెయ్యమన్నాను.

లాసున్ విసుక్కున్నాడు. "సగం ఫొటో బోసిగా ఉంటే ఒకపక్కకి ఒరిగిపోతుందే. ఆ మాత్రం తెలీదా?"

"ఖాళీకి కూడా బరువుంటుందండీ."

కెహిండేని ఎడమపక్కకి జరిపి, చెల్లెలు కూర్చునే వైపు చూడమన్నాను. చూశాడు. ఆయన్ని జరగమని, నేనే బటన్ నొక్కాను.

ఇవాళ ప్రింటు చూసి అత్తగారి మొహం మాడిపోయింది.

"దాని చోటు ఏదే?"

కుడిపక్క ఖాళీ మీద వేలు పెట్టాను.

"ఇక్కడెవరూ లేరు కదే."

"నాకు కనిపిస్తోంది అత్తయ్యా. ఇంకొకర్ని కూర్చోబెడితే ఇంక కనపడదు."