వంటింటి గడపలో చెప్పిన ఎత్తు

ఆ రోజు ఆ మాట నేను పైకి అన్నానా, మనసులోనే అనుకున్నానా? ఇరవై ఆరేళ్లుగా ఈ అనుమానం నన్ను వదల్లేదు. బియ్యం కడుగుతుంటే వస్తుంది. దేవుడి ముందు కళ్లు మూసుకుంటే స్తోత్రం మధ్యలో వచ్చి కూర్చుంటుంది.

మా ఆయన లక్ష్మణ్ మేడ్చల్‌లో ఒక కాలేజీలో సైకాలజీ పాఠాలు చెప్పి రిటైరయ్యారు. చదరంగంలో మాస్టర్ బిరుదుంది. ఎత్తు వేసేముందు మనిషి ఎలా ఆలోచిస్తాడు, కంప్యూటర్ ఎలా లెక్క వేస్తుంది, రెండింటికీ తేడా ఏమిటి అన్నది ఆయన పరిశోధన. దానికి పెద్ద ఆటగాళ్లు కావాలి, పావులు నడపడం మాత్రమే తెలిసినవాళ్లూ కావాలి. ఆ రెండో రకం మనిషి శామీర్‌పేటలో, సొంత ఇంట్లోనే దొరికింది. నేను గౌడవెల్లిలో పదో తరగతి దాకా చదివాను.

సగంలో ఆపిన ఆటను బోర్డు మీద పేర్చి, టేప్ రికార్డర్ నొక్కి, "మనసుల ఏదొస్తే అది పైకి చెప్పాలె రోజా. మంచిదా, చెడ్డదా అని చూడొద్దు" అనేవారు. పెళ్లైన తొమ్మిదేళ్లలో నా మనసులో ఏముందని ఒకరు అడగడం అదే మొదటిసారి. అందుకే ఆ మధ్యాహ్నాలంటే నాకు ఇష్టంగా ఉండేది. "కోడలు గుర్రాలు తోలుతాంది, ఇగ బియ్యం నేనే ఏరుకుంట తియ్" అని అత్త దెప్పినా పట్టించుకునేదాన్ని కాదు.

ఆ రోజు పేర్చింది ఆయన సొంత ఆట. ఒక టోర్నమెంటులో గెలవాల్సింది, దారి కనబడక డ్రా చేసుకొచ్చారు. నేను చూస్తూ కూర్చున్నాను. నల్లా వచ్చింది, లేచి బిందెలు పట్టాను. మళ్లీ కూర్చున్నాను. అత్త బీపీ గోళీ అడిగింది, లేచాను. మళ్లీ కూర్చున్నాను. పాలు పొయ్యి మీద ఉన్న సంగతి గుర్తొచ్చి పరుగెత్తాను. అక్కడ, వంటింటి గడపలో, ఆ ఎత్తు నాకు తోచింది. చెప్పాననే నా నమ్మకం.

సాయంత్రం ఆయన అదే ఆటను కంప్యూటర్‌లో పెట్టారు. తొమ్మిది సెకన్లలో అది గుర్రాన్ని వెనక్కి తెచ్చింది. ఆయన తెరను చూడలేదు. ఒకసారి నా వైపు చూశారు.

"నేను గదే జెప్పిన గదా?" అన్నాను.

"నువ్వు జెప్పలే."

"జెప్పినండీ, పాలకాడ నిలబడి..."

"జవాబు తెలిసినంక, నాకు ముందే తెలుసనుకుంటది మనసు. అందరికుంటది గీ భ్రమ. నువ్వు పరేషాన్ గాకు."

అంత చదువుకున్న మనిషి చెబితే కాదని ఎలా అనను? ఆ తర్వాత ఎన్ని సభల్లో విన్నానో ఆ కథ! "మాస్టర్‌కు కనబడలేదు, ఇరవై రెండు నిమిషాలు కూర్చున్న గృహిణికి కనబడలేదు, యంత్రం మాత్రం తొమ్మిది సెకన్లలో చూసింది." జనం చప్పట్లు కొట్టేవారు. నేనూ కొట్టాను. నాకు మాత్రం అప్పటినుంచి నా మీద నాకే నమ్మకం పోయింది. గ్యాస్ కట్టేశానా అని రెండుసార్లు చూసేదాన్ని. గుడిలో పదకొండు ప్రదక్షిణలు చేసి, పదేనేమో అని ఇంకొకటి చేసేదాన్ని.

ఇప్పుడు అదంతా పుస్తకంగా వస్తోంది. పాత టేపులు విని రాసిపెట్టడానికి నాగారం నుంచి అశ్రిత అనే అమ్మాయి స్కూటీ మీద వస్తోంది, ఆయన ఆఖరి బ్యాచ్ విద్యార్థిని. మొన్న మంగళవారం ఆయన వాకింగ్‌కు వెళ్లినప్పుడు ఆ అమ్మాయి నన్ను పిలిచింది.

"అమ్మా, గీడ ఎవలో దూరంకెల్లి మాట్లాడుతున్నరు. మీరేనా?"

హెడ్‌ఫోన్లు చెవులకు పెట్టుకున్నాను. ముందు బిందె చప్పుడు, అత్త దగ్గు. తర్వాత నా గొంతు, నాకు ముప్పై ఏళ్లప్పటిది, సన్నగా: "గుర్రం దర్వాజకు అడ్డం కూసుందండీ. ఎనుకకు తోలుర్రి. ఏనుగుకు తొవ్వ దొరుకుతది, వాళ్ల మంత్రి ఇరుకుతది." పాలు పొంగి పొయ్యి మీద పడ్డ సుర్రుమనే శబ్దం. మైకు దగ్గరే, బోర్డు మీద కొయ్య పావు ఒకటి పెట్టిన చప్పుడు. ఒక పెద్ద నిట్టూర్పు. టక్కున టేపు ఆగిపోయింది.

నేను వంటింట్లోకి వెళ్లి కాసేపు నిలబడ్డాను. కోపం రాలేదు. నాకు పిచ్చి లేదు అన్నదొక్కటే మళ్లీ మళ్లీ తోచింది.

ఆయన వచ్చి చెప్పులు విప్పుతుంటే అశ్రిత ఆ టేపు మళ్లీ పెట్టి వినిపించింది. ఆయన మొహం తిప్పుకున్నారు.

"బోర్డు ముంగట కూసోని జెప్పిందే లెక్క. వంటింట్లకెల్లి జెప్తే పద్ధతి ప్రకారం రాసుకోరాదు."

"మరి నల్లా నీళ్లు పట్టిన టైము ఎట్ల రాసుకున్నరు, ఇరవై రెండు నిమిషాలల్ల?" అన్నాను.

అశ్రిత నవ్వు ఆపుకోలేక నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. ఆయనకు ఆ నవ్వే ఎక్కువ తగిలినట్టుంది.

"చాయ్ పెట్టు," అన్నారు.

"పెట్టను. ఈ పుస్తకంల నా ముచ్చట అబద్ధంగ పోతే నేనూరుకోను. గీ కుర్చీల కూసోర్రి. మీ పద్ధతే గదా, టేపు ముంగట చెప్పుర్రి. ఆ రోజు ఇన్నరా, ఇనలేదా?"

అంత మాట నేనెప్పుడూ అనలేదు. అశ్రిత ఫోను రికార్డింగులో పెట్టి బల్ల మీద ఉంచింది. ఆయన చాలాసేపు నిలబడే ఉన్నారు. యంత్రం చేతిలో ఓడిపోయానని వంద సభల్లో గర్వంగా చెప్పుకున్న మనిషి, కుర్చీ లాక్కొని కూర్చోవడానికి అంత సమయం తీసుకున్నారు.

"ఇన్న," అన్నారు. నన్ను కాక ఫోనును చూస్తూ, "కంప్యూటర్ పెట్టకముందే ఇన్న. నువ్వు జెప్పేదాక నాకూ కనబడలే."

ఇరవై ఆరేళ్లుగా ఆయన దగ్గర నాకు రావాల్సినవి ఆ రెండు మాటలే. తీసుకున్నాను.