కాళ్ళ పీపా

మా పెరట్లో సగానికి కోసిన ఇనప పీపా ఒకటుంది. మామగారి కాలంలో లోకోషెడ్డు నుంచి తెచ్చింది. దాన్ని మేం కాళ్ళ పీపా అంటాం. మా ఆయన బంగార్రాజు ఇంజన్ మీద ఫైర్‌మన్. డ్యూటీ దిగి వచ్చి, పెరటి మెట్టు మీద కూర్చుని, బొగ్గు పట్టిన కాళ్ళు ముందుకు చాపుతాడు. నేను ఆ పీపాలోంచి చెంబుతో ముంచి పొయ్యాలి, వంగి రుద్దాలి. వీధి చివరి కుళాయి నుంచి బిందెలతో మోసి దాన్ని నింపడం ఎలాగూ నా పనే. నింపడం వరకే. వంచి పారబొయ్యడానికి వీల్లేదు. మనిషి బండి మీద లైన్లో ఉండగా కాళ్ళ పీపా ఎండకూడదని మా అత్త అప్పలనర్సమ్మ కట్టడి. మనిషి ఇంట్లో ఉన్నప్పుడేమో ఆయన కాళ్ళకి అది కావాలి. ఇంక కడిగేదెప్పుడు? పాత నీళ్ళ మీదే కొత్త నీళ్ళు పోస్తూ వచ్చాను.

ఆ కట్టడి వెనక ఒక చావుంది. మామగారు షంటింగులో రెండు రైలు పెట్టెల మధ్య నలిగి పోయాడు. ఆ పొద్దున్న అత్త పీపా వంచి, ఆ నీళ్ళతో బట్టలుతుక్కుందట. మళ్ళీ నింపేలోపు కబురొచ్చిందట. ఈ సంగతి ఆవిడ నాతో ఒక్కసారే చెప్పింది, గోడవైపు తిరిగి. ఆ తర్వాత నేనూ అడగలేదు.

నాదంటూ ఆ పెరట్లో ఉన్నది గుమ్మడి పాదు. బొబ్బిలి దగ్గర మా ఊళ్ళో మా అమ్మ పెంచిన జాతి. కాపురానికి వచ్చేటప్పుడు గింజలు నా కొంగున కట్టి పంపింది. ఏడాదికో కాయ విత్తనానికి ఉంచుకుంటూ ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చాను. కిందటేడు ఎలకలు మూట కొట్టేస్తే, మిగిలిన గింజల్లో మొలిచింది ఈ ఒక్క తీగే. ఇది పోతే అమ్మ గుమ్మడి పోయినట్టే. అమ్మ ఎప్పుడో పోయింది; నాకు కబురు అందేసరికి కర్మలు కూడా అయిపోయాయి. రాయపూర్ నుంచి మా ఊరి మీదుగా ఇక్కడికి రైలు పడినప్పుడు ఎంత సంబరపడ్డానో. ఏటా వచ్చే రైలు పాసులో నా పేరూ ఉంటుంది. కానీ తల్లీకొడుకులు తీర్థాలకి వెళితే ఇంటికి కాపలా ఎవరుంటారు? రాయపూర్ బండి కూత వినబడితే చేతిలో పని ఆపి నిలబడిపోతాను. తెల్లవారుజామున మా అమ్మ పాదు పక్కన చతికిలబడి, విచ్చుకుంటున్న పువ్వుల్ని చూస్తూ ఉండేది. ఎవరూ ఏమీ అడగని పొద్దు అది. నాకు ఊరు కావాలో, అమ్మ కావాలో, అలా ఊరికే కూర్చోవడం కావాలో ఇప్పటికీ తెలియదు.

ఈ వానలు వెనకబట్టాక అత్తకి చలిజ్వరం పట్టుకుంది. రైల్వే ఆసుపత్రి వాళ్ళిచ్చిన చేదు మాత్రలు మింగి, రెండు దుప్పట్లు కప్పుకుని వణుకుతూ నా పాదుని తిట్టేది. ఆ ఆకుల నీడలోనే దోమలు కాపురం పెట్టాయట. మా ఆయనా అదే మాట. మందు పంపు దొరకగానే తీగ కోసేసి, పెరడంతా మందు కొడతానన్నాడు. దోమల గ్యాంగు వాళ్ళని పంపు అడిగి ఉంచాడు కూడా.

ఆ పంపు పని పక్క క్వార్టర్లో చూశాను. అప్పయమ్మ మొగుడు ఆనప పందిరికి మందు కొట్టాడు. మర్నాడు పొద్దున్న పందిరి కింద తేనెటీగలు కుప్పలుగా రాలి ఉన్నాయి. ఆ తర్వాత వచ్చిన పిందెలు వచ్చినట్టే పచ్చబడి రాలిపోయాయి. దోమలు మాత్రం వారం తిరక్కుండా మళ్ళీ వచ్చాయి. "ఈగ రాపోతే పిందె నిలబడదే" అనేది మా అమ్మ. మా ములగకొమ్మకి అరచెయ్యంత జుంటితేనె పట్టు ఉంది. ఆ ఈగలే నా పాదుకి దిక్కు.

అవి నీళ్ళు తాగేది కాళ్ళ పీపా అంచునే. వాటినే చూస్తూ వంగితే నీళ్ళలో సన్నటి పురుగులు కనిపించాయి. నా నీడ పడగానే మెలికలు తిరుగుతూ అడుగుకి పోయాయి. కొన్నింటిని నీళ్ళతో సహా గాజుసీసాలో పోసి, మూతికి పల్చటి గుడ్డ కట్టి కిటికీలో పెట్టాను. కొద్దిరోజులకి గుడ్డ కింద దోమలు వాలి ఉన్నాయి. కిరసనాయిలు చుక్కలు వెయ్యమంది అప్పయమ్మ. వేస్తే తాగవచ్చిన ఈగలేం కావాలి?

సీసా తెచ్చి మా ఆయనకి చూపించాను. ఆయన దాన్ని ఆడించి చూసి నవ్వాడు.

"అచ్ఛా! ఇప్పుడు నా కాళ్ళ నీళ్ళే మా అమ్మకి జొరం తెచ్చినాయంటావు. ఆ తీగ మీదున్న పేణం మా మీద నేదు నీకు."

ఆ రాత్రి అన్నం తింటున్నప్పుడూ అదే మాట. ఎన్నేళ్ళుగా ఆ కాళ్ళు కడిగానో నా నడుముకి తెలుసు. నాకు కోపం కంటే ముందు ఏడుపొచ్చింది, అందుకే నా మీద నాకే కోపమొచ్చింది.

మర్నాడు ఆయన రాయగడ గూడ్సు ఎక్కాడు. ఆ మరుసటి పొద్దున్నకి రావాలి. బండి కూత దూరమయ్యేదాకా ఆగి పెరట్లోకి వెళ్ళి పీపా పక్కకి వంచాను. నీళ్ళు బుడబుడమంటూ మట్టిలో ఇంకిపోయాయి. అత్త దుప్పటితోనే గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఆడు లైన్లో ఉన్నాడే" అంది.

నేను పని ఆపలేదు. ఇటికపొడితో పీపా తోమి, పాదు పక్కన బోర్లించాను. ఈగలకి మట్టిమూకుడులో గులకరాళ్ళు వేసి తేట నీళ్ళు పోశాను, రోజూ మార్చడానికి వీలుగా. ఇలాంటి శకునాలు నేను నమ్మననే అనుకుంటాను. కానీ పీపా వంచేముందు మనసులో దణ్ణం పెట్టుకున్నాను, ఆ మాట దాచను.

మర్నాడు తెల్లవారి మొదటి ఆడపువ్వు విచ్చుకుంది. బోర్లించిన పీపా మీద కూర్చున్నాను. ఆ పెరట్లో నేను కూర్చోవడం అదే మొదలు. జుంటీగలు పుప్పొడి పూసుకుని పువ్వులోంచి పువ్వులోకి దూరుతున్నాయి. నా కళ్ళు వాటి మీద, చెవులు స్టేషన్ మీద. ఆయన రాలేదు. ఎండెక్కింది. వంట చెయ్యలేదు, అడిగేవాళ్ళూ లేరు. పువ్వు ముడుచుకుపోయింది. అత్త గోడ పట్టుకుంటూ వచ్చి, పీపా మీద నా పక్కన కూర్చుంది. నన్ను తిట్టలేదు. అందుకు ఇంకా భయం వేసింది.

"ఆ దినం కూడా ఇలాగే కూకున్నాను" అంది. నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను, జ్వరంతో కాలిపోతోంది. పొద్దు వాలుతుంటే ఇద్దరం దేనికీ ఇక కదలలేనట్టు ఉండిపోయాం.

దీపాల వేళకి పెరటి తలుపు తోసుకుని మా ఆయన వచ్చాడు. దారిలో ఎక్కడో సిగ్నల్ ఇవ్వక బండిని పూటంతా నిలబెట్టేశారట. విసుక్కుంటూ మెట్టు మీద కూర్చుని, అలవాటుగా కాళ్ళు ముందుకు చాపాడు.

"నీళ్ళేవి?" అన్నాడు.

అత్త ఆ కాళ్ళకేసి చూసింది. బొగ్గూ దుమ్మూ కొట్టుకుని, రెండూ నిక్షేపంగా ఉన్న కాళ్ళు. చాలాసేపు చూసి నావైపు తిరిగింది. ఆవిడ ముఖం చిన్నపిల్ల ముఖంలా ఉంది.

"అయితే ఆ దినం నా వల్ల కాదేటే, సిన్నమ్మీ?"

"కాదత్తా" అన్నాను.

"నీళ్ళేవీ?" అన్నాడాయన మళ్ళీ.

మా ఇద్దరిలో ఎవరమూ లేవలేదు.